ఆషాఢంలో విప్పిన గేర్ బాక్స్

మా నాన్న పంచాంగం కొనేది టాక్సీ కోసం. ఉగాది రోజు గుళ్ళో కూర్చుని పంచాంగ శ్రవణం వినే ఓపిక ఆయనకి లేదు. లగ్నాలు ఎప్పటి నుంచి ఎప్పటి దాకా, మూఢం ఎప్పుడొస్తుంది, ఆషాఢం ఎప్పుడు పడుతుంది అన్నవి మాత్రం ఎర్ర పెన్సిలుతో గీత గీసి పెట్టుకునేవాడు. లగ్నాలున్న రోజుల్లో బండి తిరగాలి, లేని రోజుల్లో రిపేర్లు చేయించాలి. తెనాలిలో పెళ్ళిళ్ళ మీద బతికే టాక్సీల వాళ్ళందరిదీ ఇదే లెక్క. వైశాఖ జ్యేష్ఠాల్లో "ఈ ఒక్క పెళ్ళీ కానియ్" అనుకుంటూ వాయిదా వేసిన రోగాలన్నీ ఆషాఢంలో మేస్త్రి షెడ్డుకి చేరేవి.

1993 ఆషాఢంలో మా బండి గేర్ బాక్స్ విప్పి కట్టారు. నేనప్పుడు తొమ్మిదో తరగతి. బడి వదలగానే పుస్తకాల సంచీతో సహా మారీసుపేటలో ఉన్న షెడ్డుకి పోయేదాన్ని. ఆడపిల్లకి మెకానిక్ షెడ్డులో పనేమిటని అమ్మమ్మ గొణిగేది. నాన్న పట్టించుకునేవాడు కాదు. నా దస్తూరి బాగుంటుందని టాక్సీ లెక్కల పుస్తకం అప్పటికే నాకు అప్పగించాడు. స్పేర్ పార్టుల జాబితా రాయడం కూడా ఆ ఉద్యోగంలో భాగమేనని ఆయన ఉద్దేశం.

మాది మార్క్ త్రీ అంబాసిడర్, 1977 మోడల్, పెట్రోల్. అసలు ఈ బండి ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ త్రీగా పుట్టి, 1950ల చివర్లో కలకత్తా దగ్గరి ఉత్తర్‌పారాకి వచ్చి అంబాసిడర్ అయింది. హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు ముందు గ్రిల్లూ, డాష్ బోర్డూ మార్చి మార్క్ టూ, మార్క్ త్రీ, మార్క్ ఫోర్ అని పేర్లు పెట్టారు గానీ కింద 1489 సీసీ పెట్రోల్ ఇంజినూ, నాలుగు గేర్ల బాక్సూ చాలాకాలం అవే. మార్క్ ఫోర్‌లో డీజిల్ వచ్చాక స్టాండులో చాలామంది అటు మళ్ళారు. నాన్న మళ్ళలేదు. పెళ్ళికొడుకుని ఎక్కించుకుని డీజిల్ చప్పుడుతో ఊరేగడం ఆయనకి నచ్చదు. పెట్రోల్ ఖర్చు చూసి అమ్మ అనే మాటలు ఇక్కడ రాయను.

గేర్ రాడ్డు స్టీరింగ్ కిందే ఉండేది. ముందు సీటు అడ్డంగా ఒకటే కాబట్టి డ్రైవరు పక్కన ఇద్దరు కూర్చునేవాళ్ళు, పెళ్ళిళ్ళలో అయితే ముగ్గురు. ఆ బాక్సులో సెకండ్, థర్డ్‌లకీ, టాప్ అనే నాలుగో గేరుకీ సింక్రో ఉంటుంది, ఫస్టుకి ఉండదు. గేరు పడే ముందు రెండు వైపులా వేగం కలిపే ఇత్తడి రింగే సింక్రో. అది లేని ఫస్టుని బండి కదులుతుండగా వేస్తే పళ్ళూ పళ్ళూ కొట్టుకుంటాయి. బండి ఆగి ఉన్నా, క్లచ్ తొక్కిన వెంటనే వేస్తే గర్రుమంటుంది, లోపల గేర్లు ఇంకా తిరుగుతూ ఉంటాయి కాబట్టి. అందుకని పాత డ్రైవర్లు రాడ్డుని ముందు సెకండ్‌కి ఒకసారి తాకించి, తర్వాత ఫస్టులోకి తెచ్చేవాళ్ళు. సెకండ్ రింగు లోపల తిరిగేవాటిని ఆపేస్తుంది, ఫస్టు చప్పుడు లేకుండా పడుతుంది. కొత్త డ్రైవరు ఎవరైనా పనికి వస్తే నాన్న పెట్టే పరీక్ష ఇదొక్కటే. లైసెన్సు చూపించమని కూడా అడిగేవాడు కాదు.

ఇక రాడ్డు జామ్ అవడం సరేసరి. రాడ్డుకీ గేర్ బాక్సుకీ మధ్య ఉన్న లింకేజీలో బుష్షులు అరిగిపోతే రెండు గేర్ల మధ్య ఇరుక్కునేది. అప్పుడు బానెట్ ఎత్తి, స్టీరింగ్ కాలమ్ అడుగున చెయ్యి పెట్టి లాగాలి. తెల్ల చొక్కాతో పెళ్ళికి బండి తీసిన నాన్న, కుడి చేతి కఫ్ మీద గ్రీసు మరకతో ఇంటికి రావడం మామూలే. మా ఇంట్లో బట్టల సబ్బు కన్నా కిరసనాయిలు ఎక్కువ ఖర్చయ్యేది.

ఇవన్నీ ఓర్చుకునే రోగాలు. ఆ ఏడు మే నెలలో శ్రీశైలం బేరంలో బయటపడింది మాత్రం ఓర్చుకునేది కాదు. గుంటూరు, వినుకొండ మీదుగా పోయేటప్పుడు బండి బాగానే ఉంది. దర్శనం చేసుకుని తిరుగు ప్రయాణంలో, దోర్నాల వైపు ఘాట్ దిగుతుంటే, యాక్సిలరేటర్ మీంచి కాలు తీసిన ప్రతిసారీ థర్డ్ గేరు తనంతట తనే ఊడి న్యూట్రల్‌లోకి వచ్చేసింది. ఘాట్ రోడ్డులో గేరు ఊడితే ఇంజిన్ పట్టు పోతుంది, ఇక బ్రేకుల మీదే బతుకు. వెనక సీట్లో ఉన్న రైసు మిల్లు వాళ్ళ కుటుంబానికి టెన్షన్ పుట్టకూడదని నాన్న ఒక చేత్తో స్టీరింగ్, ఇంకో చేత్తో రాడ్డుని గట్టిగా పట్టుకుని కొండ మొత్తం దించాడట. దోర్నాలలో టీ తాగే వంకతో ఆపి, పాత సైకిల్ ట్యూబు ముక్క ఒకటి సంపాదించి రాడ్డుని బిగించి కట్టాడు. తెనాలి వచ్చేదాకా థర్డ్ నుంచి టాప్‌కి మారాల్సినప్పుడల్లా ఆ ట్యూబు తియ్యాలి, మళ్ళీ కట్టాలి. మిగిలిన జ్యేష్ఠం పెళ్ళిళ్ళన్నీ ఆ ట్యూబుతోనే జరిగాయి. పెళ్ళికూతుళ్ళకి అది కనపడకుండా అమ్మ దాని మీద పూలదండ చుట్టింది.

మా మేస్త్రి సన్నగా, పొట్టిగా ఉండేవాడు. నాన్న ఆయన్ని "మేస్త్రీ" అనేవాడు, ఆయన నాన్నని "అన్నా" అనేవాడు, నేను ఆయన్ని "బాబాయ్" అనేదాన్ని. చదువు అయిదో తరగతి. ఇంగ్లీషు పార్టుల పేర్లన్నీ తన పద్ధతిలో పలికేవాడు గానీ ఏ పార్టు ఏ పని చేస్తుందో ఆయన చెప్పినంత తేటగా తర్వాత నా కాలేజీలో కూడా ఎవరూ చెప్పలేదు. బండిని షెడ్డుకి తెచ్చిన రోజు ఆయన పానా ముట్టుకోలేదు. "పద, బోసు రోడ్డు దాకా పోయొద్దాం" అని నాన్న పక్కన ఎక్కాడు, నేను వెనక.

"అమ్మాయ్, ఫస్టులో చప్పుడు వింటున్నావా?"

తిరగలి తిప్పుతున్నట్టు కింద నుంచి గరగర వస్తోంది. సెకండ్‌లో కూడా వచ్చింది. థర్డ్‌లో వచ్చింది. టాప్‌లో పడగానే ఆగిపోయింది.

"ఎందుకు ఆగిందో చెప్పు" అన్నాడు. నాకేం తెలుసు. ఆయనే చెప్పాడు. టాప్ గేరులో ఇంజిన్ శక్తి ఇంజిన్ వైపున్న క్లచ్ షాఫ్టులోంచి నేరుగా చక్రాల వైపున్న మెయిన్ షాఫ్టులోకి పోతుంది. అడుగున ఉన్న క్లస్టర్ గేరు, అంటే ఒకే ముక్కగా ఉన్న పళ్ళ చక్రాల గుత్తి, తిరుగుతూనే ఉంటుంది, కానీ దాని మీద బరువు పడదు. మిగతా గేర్లన్నిటిలో బరువు దాని మీదుగానే వెళ్ళాలి. కాబట్టి టాప్‌లో లేని చప్పుడు కింది గేర్లలో ఉందంటే రోగం క్లస్టర్ దగ్గర, దాన్ని మోసే లే షాఫ్టు దగ్గర, వాటి మధ్య సూదుల్లాంటి రోలర్లుండే నీడిల్ బేరింగుల దగ్గర. మూత కూడా తియ్యకుండా, సీట్లో కూర్చుని తేల్చేశాడు. తర్వాత విప్పితే సరిగ్గా అదే.

థర్డ్ ఊడటం మాత్రం వేరే కథ. ముందు చవకలో పోతుందేమోనని, గేరుని దాని చోట పట్టి ఉంచే స్ప్రింగూ గుండూ మార్చి చూశారు. ఊడటం ఆగలేదు.

బాక్సు దించడానికి ఒక పూట పట్టింది. వెనక చక్రాలకి శక్తి తీసుకెళ్ళే ప్రొపెల్లర్ షాఫ్టు తీసి, ఇంజిన్ కింద చెక్కముక్క పెట్టి జాకీ ఎత్తి, పిట్‌లోకి దిగిన ఇద్దరు కుర్రాళ్ళు దాన్ని గుండెల మీదకి దింపుకున్నారు. ఆయిల్ పాత వెడల్పాటి బేసిన్‌లోకి వంచారు. మేస్త్రి దాన్ని ఎండలోకి జరిపి వేలుతో తిప్పి చూపించాడు. నల్లటి ఆయిల్‌లో పసుపు పచ్చగా మెరుపు తేలుతోంది. స్పీకర్‌లోంచి ఊడదీసిన అయస్కాంతం ముక్క ఒకటి ఆయన దగ్గర ఉండేది. దాన్ని ఆయిల్‌లో ముంచితే ఇనుప రజను మీసాల్లా అంటుకుంది, పసుపు రజను అంటుకోలేదు. అంటుకున్నది గేర్లదీ బేరింగులదీ, అంటుకోనిది సింక్రో రింగుల ఇత్తడి. "రెండూ పోతున్నాయన్నా" అన్నాడు. నాన్న బీడీ ముట్టించాడు.

కొత్త గేర్లు వేయించాలంటే ఆ సీజన్ సంపాదన అంతా పోయేట్టుంది. ఒరిజినల్ కంపెనీ మాల్ పిరం, డూప్లికేట్ మాల్ మీద మేస్త్రికి నమ్మకం లేదు. బెజవాడ ఆటోనగర్‌లో దొరికిన పాత బాక్సులు రెండు చూశారు, రెండూ మా దానికన్నా అధ్వాన్నం. "మద్రాసు పుదుపేటకి పోదాం" అన్నాడు మేస్త్రి. నేనూ వస్తానన్నాను. అమ్మ ఒప్పుకోలేదు, నాన్న ఒప్పుకున్నాడు. బడికి జ్వరం అని చీటీ వెళ్ళింది. చీటీలో దస్తూరి నాదే, సంతకం నాన్నది.

పినాకిని ఎక్స్‌ప్రెస్ అప్పటికి కొత్తగా వేసిన రైలు. పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నానికి మద్రాసులో ఉంటాం. అమ్మ కట్టిచ్చిన పులిహోర ఒంగోలు దాటక ముందే అయిపోయింది.

పుదుపేట ఎగ్మూరు పక్కన, కూవం నది ఒడ్డున. అలాంటి చోటు నేనంతకు ముందు చూడలేదు, ఆ తర్వాత కూడా చూడలేదు. వీధికి రెండు వైపులా కొట్లు, కొట్ల ముందు రోడ్డు మీదికి పొర్లిన పార్టులు. ఒక కొట్టు నిండా తలుపులు, ఒక కొట్టు నిండా స్టీరింగులు, ఒక చోట బంపర్లు నిలువుగా పేర్చి ఉన్నాయి. ఫియట్ వాళ్ళు ఒక వైపు, అంబాసిడర్ వాళ్ళు ఒక వైపు. నేలంతా నల్లటి ఆయిల్ పట్టి, చెప్పులు అంటుకుపోతున్నాయి. పైనుంచి కూవం కంపు. దేశంలో ఇలాంటివి ఇంకా ఉన్నాయని, కలకత్తాలో మల్లిక్ బజార్ ఉందని, ఢిల్లీలో మాయాపురి ఉందని మేస్త్రి చెప్తూ నడిచాడు. ఆయన వాటిని చూడలేదు, లారీ డ్రైవర్ల దగ్గర విన్నాడు.

కొట్టువాళ్ళలో తెలుగు వచ్చినవాళ్ళు చాలామందే ఉన్నారు. అయినా మేస్త్రి తమిళం, తెలుగు, ఉర్దూ కలిపి మాట్లాడేవాడు. తెలుగువాడని తెలిస్తే దూరం నుంచి వచ్చాడని కనిపెట్టి రేటు పెంచుతారని ఆయన భయం. ఆయన తమిళం వినగానే అందరూ తెలుగులో జవాబివ్వడం మొదలుపెట్టారు.

పాత గేర్ బాక్సు కొనడం ఎలాగో నేను అక్కడ చూశాను. ముందుగా, శుభ్రంగా కడిగి పెట్టిన బాక్సుల జోలికి ఆయన వెళ్ళలేదు. కడిగారంటే లోపలి ఆయిల్ చూడనివ్వరు, ఏది దాచారో తెలీదు. మట్టి పట్టి, ఆయిల్ ఇంకా లోపలే ఉన్న బాక్సు ఒకటి ఎంచి, డ్రెయిన్ బిరడా విప్పించి నాలుగు చుక్కలు అరచేతిలోకి పట్టాడు. అయస్కాంతం తిప్పాడు. ఆ తర్వాత మూత తీయించి ఫస్టు గేరు పళ్ళ అంచులు వేలితో తడిమాడు. సింక్రో లేని గేరు కాబట్టి, ముందు యజమాని ఎలాంటి డ్రైవరో ఆ పళ్ళ అంచుల మీదే రాసి ఉంటుంది. కదులుతున్న బండికి ఫస్టు గుద్దేవాడైతే అంచులు రాలిపోయి ఉంటాయి. వీటి అంచులు నిండుగా ఉన్నాయి. "మనిషి నెమ్మదస్తుడు" అన్నాడు మేస్త్రి. తర్వాత క్లచ్ షాఫ్టు చేత్తో తిప్పుతూ ఒక్కో గేరూ వేసి, చెవి బాక్సుకి ఆనించి విన్నాడు.

బాడీకి బోల్టు పట్టే చెవి ఒకటి విరిగి ఉంది. యాక్సిడెంట్ బండి నుంచి తీసిందన్నమాట. మేస్త్రి మొహంలో సంతోషం. చెవి విరిగిన బాక్సు ఎవరూ కొనరు, బేరం ఆడొచ్చు. మాకు కావాల్సింది లోపలి గేర్లు, బాడీ మాది గట్టిగానే ఉంది. కొట్టతను పద్దెనిమిది వందలు చెప్పాడు. రెండు సార్లు వెళ్ళిపోతున్నట్టు నటించాక పదకొండు వందల దగ్గర తెగింది. నాన్న డబ్బు లెక్కపెడుతుంటే మేస్త్రి నా చెవిలో "వెయ్యి దగ్గర ఆగేవాడు, మీ నాన్న మొహం చూసి ఆగలేదు" అన్నాడు.

రాత్రి రైల్లో దాన్ని గోనెసంచిలో కట్టి సీటు కిందకి తోశారు. ఎదుటి సీటులో నెల్లూరు దిగాల్సిన ముసలమ్మ అది ఏమిటని అడిగింది. నాన్న "రుబ్బురోలు" అన్నాడు. ఆవిడ నమ్మి, ఎంతకి కొన్నారని అడిగింది.

షెడ్డులో రెండు బాక్సులూ విప్పి పక్కపక్కన పరిచారు. మా పాత బాక్సు విప్పేటప్పుడు నా పని బొమ్మ గియ్యడం. నేల మీద పాత దినపత్రిక కాగితాలు వేసి, వచ్చిన పార్టు వచ్చిన వరసలో పెడుతుంటే నేను సైన్సు నోట్సు వెనక పేజీల్లో దాని బొమ్మ గీసి, ఏ మొహం ముందుకు ఉందో బాణం గుర్తు వెయ్యాలి. మేస్త్రికి ఈ బొమ్మల అవసరం ఎంతమాత్రం లేదు, కళ్ళు మూసుకుని కట్టగలడు. నన్ను కూర్చోబెట్టడానికి అలా చెప్పాడని నాకు తర్వాతెప్పుడో అర్థమైంది.

సింక్రో హబ్బు విప్పడం ఒక వేడుక. హబ్బు మీద, గేరు వేసేటప్పుడు జరిగే స్లీవు, మధ్యలో మూడు స్ప్రింగులు, వాటి మీద మూడు ఉక్కు గుళ్ళు. స్లీవు జారిందంటే గుళ్ళు తుపాకీలోంచి వచ్చినట్టు ఎగిరిపోతాయి. అందుకని మేస్త్రి దాన్ని పాత బనీను గుడ్డలో చుట్టి, గుడ్డ లోపలే విప్పేవాడు. ఆ రోజు రెండో హబ్బుని ఆయన లేనప్పుడు ఒక కుర్రాడు గుడ్డ లేకుండా విప్పాడు. ఒక గుండు రేకుల కప్పుకి టంగుమని తగిలి మాయమైంది. షెడ్డంతా ఊడ్చారు. చివరికి అయస్కాంతానికి తాడు కట్టి నేలంతా ఈడిస్తే, గుండు తప్ప పదేళ్ళుగా పోయిన మేకులు, నట్లు, ఒక చెవి రింగు దొరికాయి. చెవి రింగు ఎవరిదన్న చర్చ టీ అయ్యేదాకా నడిచింది.

విప్పాక చూస్తే మా లే షాఫ్టు మీద, బేరింగు తిరిగే చోట, చర్మం లేచిపోయి గుంటలు పడ్డాయి. షాఫ్టు పైపొరనే గట్టిపరుస్తారు, ఆ పొర ఒకసారి లేచిందంటే కొత్త బేరింగు వేసినా ఎక్కువకాలం నిలవదు. క్లస్టర్ పళ్ళు కూడా అలాగే ఉన్నాయి. థర్డ్ గేరు పక్కన స్లీవు పట్టుకునే చిన్న పళ్ళు గుండ్రంగా అరిగిపోయాయి, స్లీవుని జరిపే ఫోర్కు ఒక వైపు సన్నబడింది. ఘాట్‌లో ఊడింది అందుకే. పదునైన అంచు ఉంటే స్లీవు పట్టుకుని ఉంటుంది, గుండ్రమైతే బరువు తగ్గిన క్షణంలో జారిపోతుంది.

ఇక్కడే నాన్నకీ మేస్త్రికీ తగువు పడింది. మా పాత బాక్సులో సెకండ్ గేరూ, క్లచ్ షాఫ్టు మీది గేరూ అద్దంలా మెరుస్తున్నాయి. పుదుపేటవి కాస్త మసిబారి ఉన్నాయి. మన సెకండ్ మనం వేసుకుందాం, పుదుపేట క్లస్టర్ వేద్దాం, ఆ బాక్సు సెకండ్ గేరుని ఎవరికైనా అమ్ముకుందాం అని నాన్న. మేస్త్రి కుదరదన్నాడు. గేరు పళ్ళు ఒకదానితో ఒకటి ఏళ్ళ తరబడి తిరిగి ఒకదాని అరుగుదలకి ఒకటి సర్దుకుంటాయి. ఒక బాక్సు గేరుని ఇంకో బాక్సు క్లస్టర్‌తో కలిపితే మెరుపు ఎంత ఉన్నా ఊళ పెడుతుంది. "కలిసి అరిగినవి కలిసే తిరగాలన్నా. తీస్తే అన్నీ తియ్యి, వేస్తే అన్నీ వెయ్యి." నాన్న వినలేదు. వంద రూపాయలైనా వస్తాయి కదా అంటాడు. మేస్త్రి పానా కింద పెట్టి, బెంచీ మీద కూర్చుని పేపరు తీశాడు. అది ఆయన సమ్మె. ఆ సాయంత్రం పని జరగలేదు. మర్నాడు పొద్దున్నే నాన్న టీ పట్టుకెళ్ళి "సరే, నీ ఇష్టం" అన్నాడు గానీ, మనసులో ఒప్పుకోలేదు.

కాబట్టి పుదుపేట గేర్లు మొత్తంగా మా బాడీలోకి మారాయి. క్లస్టరు, మెయిన్ షాఫ్టు మీది గేర్లు, క్లచ్ షాఫ్టు, అన్నీ ఒక కుటుంబం. కొత్తవిగా వేసింది లే షాఫ్టు, నీడిల్ బేరింగులు, రెండు పెద్ద బాల్ బేరింగులు, సింక్రో రింగులు, క్లస్టర్ అటూ ఇటూ జరగకుండా ఆపే థ్రస్ట్ వాషర్లు, సీలు, ప్యాకింగులు. వీటి కోసం బెజవాడ పోయింది నాన్నే, నేను రాసిన జాబితాతో. రింగులు తేగానే మేస్త్రి ఒక్కోదాన్నీ గేరు కోను మీద పెట్టి, నొక్కి, మెలి తిప్పి చూశాడు. పట్టుకోవాలి, జారకూడదు. రింగుకీ గేరు పళ్ళకీ మధ్య సన్నటి సందు ఉండాలి, సందు లేకపోతే రింగు అడుగంటినట్టే. ఒక రింగు ఈ పరీక్షలో తప్పింది. దాన్ని మార్చుకు రావడానికి నాన్న మళ్ళీ బస్సెక్కాడు.

కట్టడంలో నాకు నచ్చిన ఘట్టం క్లస్టర్ ఎక్కించడం. చెప్పడానికి చిన్న పనే. క్లస్టర్‌ని బాడీలో అసలు చోట పెడితే మెయిన్ షాఫ్టు లోపలికి పోదు, దారికి అడ్డం. ముందు మెయిన్ షాఫ్టు పెడితే క్లస్టర్ పట్టదు. అందుకని లే షాఫ్టు మందమే ఉండి దానికన్నా పొట్టిగా ఉండే డమ్మీ షాఫ్టు ఒకటి లేతు మీద తిప్పించి పెట్టుకుంటారు. నీడిల్ బేరింగులకి గ్రీసు పట్టించి, డమ్మీని మధ్యలో దూర్చి, క్లస్టర్‌ని బాడీ అడుగున పడుకోబెట్టేస్తారు. పైన మెయిన్ షాఫ్టు వెనక నుంచి, క్లచ్ షాఫ్టు ముందు నుంచి తెచ్చి కలుపుతారు. ఆ రెండూ కలిసే చోట సన్నటి రోలర్లు ఉంటాయి, అవి కూడా గ్రీసు పట్టుతోనే నిలబడాలి. అంతా అయ్యాక బాక్సుని తలకిందులు చేస్తారు. అడుగున పడుకున్న క్లస్టర్ తన బరువుతో తానే దిగి పై గేర్లతో కలుస్తుంది. అప్పుడు అసలు లే షాఫ్టుని ఒక వైపు నుంచి తోస్తుంటే డమ్మీ రెండో వైపు నుంచి బయటకి వస్తుంది.

తోసేటప్పుడు రెండూ ఒకదానికొకటి ఆనుకునే ఉండాలి. మధ్యలో సందు పడితే వాషరు జారి అడ్డం పడుతుంది, మళ్ళీ మొదటి నుంచి. మేస్త్రి షాఫ్టు తోస్తూ, రెండో వైపు డమ్మీని పట్టుకోవడానికి నన్ను పెట్టాడు. "గట్టిగా పట్టకు, వదలకు. అది వస్తున్నకొద్దీ రానియ్." నా వేళ్ళ మీదకి అది నెమ్మదిగా జరిగి వస్తుంటే షెడ్డులో ఎవరూ మాట్లాడలేదు. టక్కుమని నా చేతిలోకి వచ్చింది. మేస్త్రి క్లస్టర్ పక్కన, సందు కొలిచే సన్నటి రేకుల ఫీలర్ గేజ్ దూర్చాడు. అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ. అక్కడ రెండు మూడు థౌలు మించి కదలకూడదు. వెనక థ్రస్ట్ వాషర్లు రకరకాల మందాల్లో దొరికేది అందుకే. ఆయన ముందే వాషరు లేకుండా, పెట్టీ చూసుకుని మందం తేల్చుకున్నాడు కాబట్టి సరిపోయింది. ఆ మాట ఆయన చెప్పలేదు, ఫీలరు తుడిచి జేబులో పెట్టుకున్నాడు. అంతే, పనైపోయింది.

మిగతాది మామూలే. ప్యాకింగులకి షెల్లాక్ రాసి మూత బిగించారు. మా పాత క్లచ్ షాఫ్టుకి కూడా పని దొరికింది. బాక్సు ఎక్కించే ముందు క్లచ్ ప్లేటుని సరిగ్గా మధ్యకి తేవాలి, దానికి పాత షాఫ్టునే దూర్చి సరిచూస్తారు. దాన్ని మేస్త్రి తనే ఉంచుకుంటానని అడిగి తీసుకున్నాడు. విరిగిన బాడీ, పాత గేర్లు తుక్కు కింద కిలోల లెక్కన పోయాయి. మెరిసే సెకండ్ గేరు ఒక్కటి నాన్న ఇంటికి తెచ్చుకున్నాడు. అమ్మ దాన్ని కడిగి, మాగాయ జాడీ మూత మీద బరువుకి పెట్టింది.

ఆయిల్ విషయంలో ఒక మాట. అప్పట్లో మా ఊళ్ళో గేర్ బాక్సు అంటే 90 ఆయిల్, వెనక ఇరుసు మధ్యలో ఉండే క్రౌన్ అన్నా 90 ఆయిల్, ఒకే డబ్బాలోంచి రెండింటికీ పోసేవాళ్ళు. ఇప్పుడు పాత బండి బాగు చేయించేవాళ్ళు డబ్బా మీద చూడండి. వెనక క్రౌన్ కోసం తయారుచేసే జి.ఎల్.5 రకంలో కలిపే మందులు ఇత్తడిని తినే ప్రమాదం ఉంది. సింక్రో రింగులు ఇత్తడివి. ఈ బాక్సులకి జి.ఎల్.4 సరైనది. మా మేస్త్రికి ఈ నంబర్లు తెలియవు గానీ, "మరీ ఘాటు వాసన వచ్చే ఆయిల్ గేర్ బాక్సుకి వద్దు" అనేవాడు. ఆ ఘాటు వాసన గంధకానిది.

ట్రయల్‌కి దుగ్గిరాల వైపు, కాలవ గట్టు రోడ్డు మీద పోయాం. ఫస్టులో సన్నటి ఊళ ఉంది, అది ఆ బండ్లన్నిటికీ ఉంటుంది, నిలువు పళ్ళ గేరు కాబట్టి. సెకండ్ నిశ్శబ్దం. థర్డ్‌లో వేగం ఎక్కించి నాన్న కాలు తీసేశాడు. రాడ్డు కదల్లేదు. మళ్ళీ ఎక్కించాడు, మళ్ళీ తీశాడు. మేస్త్రి కిటికీలోంచి బయటికి చూస్తూ, ఆవులు వస్తున్నాయి చూసి నడపమన్నాడు.

శ్రావణంలో మొదటి లగ్నానికి బండి సిద్ధం. ఆ తర్వాత అది మా దగ్గర ఉన్నన్నాళ్ళూ బాక్సు మళ్ళీ విప్పలేదు. అప్పటికే ఇసుజు ఇంజినూ, ఐదు గేర్లూ, కింద నేల మీద రాడ్డుతో కొత్త అంబాసిడర్ వచ్చేసింది. తర్వాత మారుతీ వ్యాన్లూ, సుమోలూ పెళ్ళి బేరాలు పట్టుకుపోయాయి. నాన్న మార్క్ త్రీని చిలకలూరిపేట ఆయనకి అమ్మేశాడు. తాళాలు ఇస్తూ సెకండ్ తాకించి ఫస్టు వెయ్యడం నేర్పించాడు. 2014లో ఉత్తర్‌పారా ఫ్యాక్టరీ మూసేశారని టీవీలో వచ్చిన రోజు "మూస్తే మూశారు, స్పేర్లు ఎవరిస్తారు?" అన్నది ఒక్కటే ఆయన ప్రశ్న, బండి లేకపోయినా.

ఈ మధ్య హైదరాబాదులో మా పెదనాన్న గారి మనవడు ఒక మార్క్ టూ కొని బాగు చేయిస్తున్నాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, చేతి నిండా డబ్బు, ఇంటర్నెట్‌లో వర్క్‌షాప్ మాన్యువల్ కూడా సంపాదించాడు. వాడి దగ్గర కూడా పాత బాక్సులు రెండున్నాయి. ఒకదాని క్లస్టర్, ఇంకోదాని సెకండ్ గేరు వేద్దామనుకుంటున్నానని నాకు వీడియో కాల్ చేసి చూపించాడు. వద్దు నాయనా, తీస్తే అన్నీ తియ్యి, వేస్తే అన్నీ వెయ్యి అని చెప్తున్నాను. పక్క గదిలోంచి నాన్న వచ్చి నా చేతిలో ఫోన్ లాక్కున్నాడు. ఎనభై దాటిన మనిషి.

"అది చెప్పింది వినకు రా. ఆ మేస్త్రి అలాగే అనవసరంగా నా సెకండ్ గేరు తీసేశాడు. అది బ్రహ్మాండంగా ఉంది. కావాలంటే ఇంట్లోనే ఉంది, పంపిస్తా, వేసి చూడు!"